దత్తత సంగతి బిడ్డకు ఎలా చెప్పాలి, ఎప్పటి నుంచి చెప్పాలి

తెలుగిళ్లలో పిల్లల్ని ఉడికించడానికి ఒక పాత మాట ఉంది. "నిన్ను కన్నామా ఏంటి, తవుడు పోసి కొనుక్కున్నాం" అంటారు. పిల్ల మూతి ముడుచుకుంటుంది, అందరూ నవ్వుతారు, అమ్మ ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటుంది, అంతటితో సరి. మా పాప ఇంటికొచ్చిన కొత్తలో మా మేనమామ అలవాటు కొద్దీ ఈ మాట అనేసి, వెంటనే నాలిక కరుచుకున్నాడు. గదిలో ఆరుగురం ఉన్నాం. ఒక్కరికీ నోట మాట రాలేదు. పాపకు అప్పటికి పదమూడు నెలలు, దానికి తవుడూ తెలియదు, దత్తతా తెలియదు. టెన్షన్ పడింది మేమే.

ఆ రోజు నుంచి నేను చదివిందీ, అడిగి తెలుసుకున్నదీ, తప్పు చేసి నేర్చుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. చెప్పాలా వద్దా అనే చర్చ పెట్టడం లేదు. చెప్పాలి. ఎలా అన్నదే ప్రశ్న.

1. ముందు మీ నోటికి అలవాటు చేసుకోండి

"కాస్త ఎదిగాక చెబుదాం" అని వాయిదా వేసే తల్లిదండ్రుల్లో చాలామందికి అసలు అడ్డం వాళ్ల నోరే. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని "మా పాపను దత్తత తీసుకున్నాం" అని గొంతు తగ్గించకుండా పైకి అనండి. పనిమనిషి వంటింట్లో ఉన్నప్పుడు కూడా అదే గొంతుతో అనగలిగితే మీరు సిద్ధంగా ఉన్నట్టే. నాకు ఆ గొంతు రావడానికి నెల పట్టింది.

డేవిడ్ కిర్క్ అని కెనడాలో ఒక సోషియాలజిస్టు ఉండేవాడు. ఆయనా పిల్లల్ని దత్తత తీసుకున్న తండ్రే. దత్తత కుటుంబాలు రెండు దారులు పడతాయని 1964లో రాశాడు. "మాకూ మిగతావాళ్లకూ తేడా ఏముంది" అని కొట్టిపారేసేవాళ్లు ఒకరు. "ఉంది, మా బిడ్డ మా ఇంటికి వచ్చిన దారి వేరు" అని ఒప్పుకునేవాళ్లు ఇంకొకరు. ఒప్పుకున్న ఇళ్లలోనే తల్లిదండ్రులు బిడ్డ మనసుకు దగ్గరగా ఉంటారని ఆయన వాదన. తర్వాత డేవిడ్ బ్రాడ్జిన్‌స్కీ అనే అమెరికా సైకాలజిస్టు మూడో రకాన్నీ చేర్చాడు. వీళ్లు ప్రతిదానికీ తేడానే పట్టుకు వేలాడతారు. లెక్కల్లో మార్కులు తగ్గినా, అన్నం దగ్గర పేచీ పెట్టినా "ఎవరి బుద్ధులో మరి" అంటారు. మన వైపు మొదటి రకం ప్రేమ కొద్దీ, మూడో రకం కోపం కొద్దీ ఒకే ఇంట్లో కనిపిస్తాయి. ఒక్కోసారి ఒకే మనిషిలో, ఒకే రోజు.

మాటల ఎంపిక కూడా ఇప్పుడే తేల్చుకోండి. "పెంచుకున్న పిల్ల" అనే మాట మా ఇంట్లో వాడం. కుక్కనీ చిలకనీ కూడా పెంచుకుంటాం కదా! పైగా తెలుగులో ఆ "కున్న" ఒక్కటి చేరితే చాలు, పిల్ల పరాయిదైపోతుంది. "సొంత పిల్లలు" అనే మాట అంతకంటే ఘోరం. మేము "దత్తత" అనే అంటాం. మొదట్లో కోర్టు కాగితంలా వినిపించింది, వాడగా వాడగా అరిగి ఇంటి మాట అయింది. కన్న మనిషిని "నిన్ను కన్న అమ్మ" అంటాం. "అసలు అమ్మ" అని ఎప్పుడూ అనం.

2. మూడేళ్లు నిండకముందే మొదలుపెట్టండి

అర్థం కాని వయసులో చెప్పి ఏం లాభం అంటారు. లాభం బిడ్డకు ఒకటి, మీకు ఒకటి. మీరు తడబడినా, ఏడ్చినా బిడ్డ పట్టించుకోని కాలం అదే, అంటే మీకు రిహార్సల్ దొరుకుతుంది. ఇక బిడ్డకైతే "నాకు ఫలానా రోజు తెలిసింది" అనే రోజే జీవితంలో ఉండదు. తన పేరు తనకు ఎప్పుడు తెలిసిందో గుర్తుంటుందా ఎవరికైనా? ఇదీ అలాగే.

అమెరికాలో అమాండా బేడన్ బృందం 254 మంది దత్తపిల్లల్ని, పెద్దయ్యాక సర్వే చేసి 2019లో ఫలితాలు అచ్చువేసింది. మూడేళ్లు దాటాక సంగతి తెలిసినవాళ్లలో మానసిక బాధ ఎక్కువగా, జీవితం మీద తృప్తి తక్కువగా కనిపించింది. తమంతట తాము ముందుకొచ్చినవాళ్ల సర్వే ఇది, పైగా అమెరికాది, కాబట్టి మన ఇళ్లకు అచ్చంగా అతకకపోవచ్చు. కానీ ఆగితే మేలని చెప్పే పరిశోధన మాత్రం నా కంట పడలేదు.

మేము స్నానాల వేళ ఎంచుకున్నాం. నలుగు పెడుతూ కథ చెప్పేదాన్ని. "నువ్వు ఒక అమ్మ పొట్టలో పెరిగావు. ఆ అమ్మ నిన్ను కన్నది. ఆ తర్వాత నువ్వు శిశు గృహలో ఉన్నావు. అక్కడ ఆయా నీకు పాలు పట్టేది. ఒకరోజు ఫోన్ వచ్చింది. నాన్న, నేను, అత్తమ్మ బస్సెక్కి వచ్చాం. నువ్వు పసుపు గౌను వేసుకుని ఉన్నావు. నన్ను చూసి ఏడ్చావు, నాన్న కళ్లజోడు లాగావు." ఇంతే. రెండు నిమిషాల కథ. మూడేళ్లు వచ్చేసరికి నేను ఆగితే తనే అందుకునేది, "కళ్లజోడు లాగాను" అని.

ఆ కథ పక్కన ఒక ఆల్బమ్ పెట్టండి. శిశు గృహ గేటు, ఆయా, మొదటి రోజు వేసుకున్న బట్టలు, ఇంటికొచ్చిన దారి. ఫోటో లేని చోట బొమ్మ గీయండి.

3. కథలో ఏమి పెట్టకూడదు

ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. మంచి మనసుతో చెప్పే మాటలే ఎక్కువ గుచ్చుకుంటాయి.

"నీ మీద ప్రేమతోనే నిన్ను ఇచ్చేసింది." పిల్ల దీన్ని ఎలా వింటుందో చూడండి. ప్రేమిస్తే ఇచ్చేస్తారు. మీరూ ప్రేమిస్తున్నామంటున్నారు. మరి?

"వాళ్లకు డబ్బు లేక ఇచ్చేశారు." ఆ నెల మీ ఇంట్లో ఈఎంఐ గొడవ వస్తే పిల్ల రాత్రి నిద్రపోదు.

"వంద మందిలో నిన్ను ఏరి తెచ్చుకున్నాం." ఏరి తెచ్చినదాన్ని నచ్చకపోతే తిరిగిచ్చేయొచ్చు, అంగట్లో అంతేగా. పైగా అది నిజమూ కాదు. ఇప్పటి పద్ధతిలో కేంద్ర దత్తత సంస్థ కారా పోర్టల్లో పేరు నమోదు చేసుకుని వరుసలో నిలబడతాం. మన వంతు వచ్చినప్పుడు ఒక బిడ్డ వివరాలు వస్తాయి, 48 గంటల్లో సరే అనాలి. ఎదురుచూశాం, ఫోన్ వచ్చింది, ఎగిరి గంతేశాం అని చెప్పండి. అదే నిజం, అదే అందం కూడా.

"చనిపోయింది" అని అబద్ధం చెప్పేవాళ్లూ ఉన్నారు. ఒక చావును కల్పించి బిడ్డ నెత్తిన పెట్టకండి.

మరి ఏం చెప్పాలి? తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని. "ఏ బిడ్డనీ పెంచే పరిస్థితి అప్పుడు ఆమెకు లేదేమో. ఎందుకో మాకూ తెలియదు. నీ తప్పు మాత్రం ఏమీ లేదు." చివరి వాక్యం తప్పకుండా అనాలి. పసిపిల్లలు అన్నిటికీ తమనే కారణంగా అనుకుంటారు, ఏడ్చాననో, నల్లగా ఉన్నాననో, ఆడపిల్లననో. మన ప్రాంతంలో ఆ చివరిది ఊరికే భయం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999, 2001 సంవత్సరాల్లో లంబాడా తండాల నుంచి ఆడశిశువుల్ని కొని దత్తత పేరుతో పంపిన కేసులు బయటపడ్డాయి. కన్నతల్లి ఇష్టంతోనే ఇచ్చిందని మనకు తెలియనప్పుడు, ఇష్టంతోనే ఇచ్చిందని కథ అల్లే హక్కు మనకు లేదు.

పురాణ కథలు వాడండి, తప్పులేదు. నాగలి చాలులో దొరికిన సీత, పొలం దున్నుతుంటే తామరపువ్వులో ఆకాశరాజుకు దొరికిన పద్మావతి, యశోద ఒళ్లో కృష్ణుడు. తిరుచానూరు వెళ్లినప్పుడల్లా మా పాప "నాలాంటిదే" అంటుంది. కానీ అందరూ యశోద దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే పెద్దవాళ్లు చదువుకోవాల్సింది కర్ణుడి కథ. పెంచిన రాధ మీద ప్రేమ చివరిదాకా చెక్కుచెదరలేదు. పుట్టుక సంగతి మాత్రం యుద్ధం ముంగిట్లో, తలో అవసరం కొద్దీ వచ్చినవాళ్లు చెప్పారు. ఆలస్యంగా, అవసరం కొద్దీ చెప్పడం అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

4. ఏడెనిమిదేళ్లప్పుడు కథ మళ్లీ మొదటికొస్తుంది, భయపడకండి

చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే దెబ్బతింటారు. నాలుగేళ్ల పిల్ల "నన్ను దత్తత తీసుకున్నారు" అని హాయిగా చెబుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. బ్రాడ్జిన్‌స్కీ, తోటి పరిశోధకులు 1984లో అచ్చువేసిన అధ్యయనంలో నాలుగు నుంచి పదమూడేళ్ల పిల్లలు 200 మందితో మాట్లాడారు. చిన్నపిల్లలు ఆ మాటను పద్యంలా అప్పజెబుతారు తప్ప అర్థం తెలియదు. ఆరేళ్లు దాటాక పుట్టడం వేరు, దత్తత రావడం వేరు అని పట్టుకుంటారు. ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య అసలు సంగతి వెలుగుతుంది: నేను ఈ ఇంటికి వచ్చానంటే ఇంకో ఇల్లు నన్ను వదులుకుంది. అప్పటిదాకా కథ విని నవ్విన పిల్ల ఈ వయసులో ముభావంగా మారితే మీ పెంపకంలో లోపమనుకోకండి. బుద్ధి వికసించింది, దాంతో పాటు దుఃఖమూ తెలిసింది. ఇదే వయసులో ఇంకో సందేహం కూడా వస్తుంది, "మళ్లీ వచ్చి తీసుకెళ్లిపోతారా?" అని.

మా పాప ఎనిమిదో ఏట ఒక రాత్రి లైటు తీసేశాక అడిగింది. "అమ్మా, ఆమె నాకేమైనా పేరు పెట్టిందా?"

నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకండి. గుండె ఝల్లుమని, "ఇప్పుడు అవన్నీ ఎందుకు బంగారం, మేమున్నాంగా" అని దగ్గరకు తీసుకున్నాను. అది నిద్రపోయినట్టు నటించింది. ఆ తర్వాత నాలుగు నెలలు ఒక్క ప్రశ్న అడగలేదు. నేను ఓదార్చాననుకున్నాను. అడగొద్దని చెప్పానని దానికి అర్థమైంది.

రెండోసారి అవకాశాన్ని నేనే కల్పించుకోవాల్సి వచ్చింది. తలకు నూనె రాస్తూ, మొహం మొహం చూసుకోని వేళ, "ఆ రోజు నువ్వు పేరు సంగతి అడిగావు కదా, నాకూ అప్పుడప్పుడు అనిపిస్తుంది ఏం పేరు పెట్టి ఉంటుందా అని" అన్నాను. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వరసగా ఏడు ప్రశ్నలు వచ్చాయి. ఆరింటికి జవాబు "తెలియదు" అనే. ఏమీ కాలేదు. "తెలియదు" అనే మాటకు పిల్లలు మనమనుకున్నంత బెదిరిపోరు.

పద్ధతి ఇది. అడిగినదానికే జవాబు చెప్పండి, అడగనిదాన్ని కుమ్మరించకండి. బాధపడుతుంటే వెంటనే తుడవకండి, "బాధగానే ఉంటుంది" అని పక్కన కూర్చోండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడకండి. బండి మీద వెళ్తూ, చిక్కుడుకాయలు తుంచుతూ, జడ వేస్తూ మాట్లాడండి. అడగడం మానేస్తే రెండు మూడు నెలలకోసారి తలుపు మీరే కొంచెం తీసి పెట్టండి. పుట్టినరోజున అయితే తప్పనిసరిగా. చాలామంది దత్తపిల్లలకు కన్నతల్లి గుర్తొచ్చే రోజు అది. పొద్దున్నే "ఈ రోజు ఆమె కూడా నిన్ను తలుచుకుంటుందేమో" అని ఒక్క మాట అంటే కేకు రుచేమీ తగ్గదు.

విదేశాల్లో కన్నవాళ్లతో రాకపోకలు ఉండే దత్తతలు చాలా ఉన్నాయి. మిన్నెసోటా, టెక్సస్ పరిశోధకులు అలాంటివీ, రాకపోకలు లేనివీ కలిపి 190 కుటుంబాలను 1980ల నుంచి ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. శిశు గృహ దత్తతల్లో మనకు ఆ వీలు లేదు. కానీ బ్రాడ్జిన్‌స్కీ రాకపోకల్ని, ఇంట్లో మాటల్ని విడదీసి చూడమన్నాడు. బిడ్డ ఎదుగుదలకు రాకపోకల కంటే ఇంట్లో దాపరికం లేని మాటే ఎక్కువ లెక్కలోకి వస్తుందన్నాడు. ఆ రెండోది పూర్తిగా మన చేతిలో ఉంది.

5. బంధువులు, బడి, డాక్టరు

దత్తత అన్న సంగతి అందరికీ తెలియొచ్చు. బిడ్డ ఎక్కడ దొరికింది, ఎలా దొరికింది, కన్నవాళ్లెవరు అన్న వివరాలు మాత్రం బిడ్డ ఆస్తి. మీ అత్తగారికైనా, ఆడపడుచుకైనా సరే, బిడ్డకు చెప్పని వివరం ముందు చెప్పకండి. అది తిరిగి తిరిగి ఏదో పెళ్లిలో బిడ్డ చెవినే పడుతుంది.

"సొంత పిల్లలు లేరా?" అని అడుగుతారు. "ఇదే సొంతం పిన్నీ" అని నవ్వేయండి. "ఎవరి పోలిక?" అంటే మా ఆయన "దాని పోలికే" అంటారు. ఈ జవాబులు పిన్ని కోసం కాదు, పక్కన నిలబడి వింటున్న పిల్ల కోసం.

బడిలో వంశవృక్షం గీయమంటారు. టీచరుకు ముందే ఒక మాట చెప్పి, పాపనే అడగండి, ఎలా గీస్తావని. మా పాప కొమ్మల్లో మమ్మల్ని గీసి, మట్టి కింద వేళ్లు గీసి పేరు లేకుండా వదిలేసింది. డాక్టరు ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అంటే, "దత్తత అండీ, హిస్టరీ తెలియదు" అని మామూలు గొంతుతో చెప్పండి. గుసగుసలాడితే పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే, ఇదేదో సిగ్గుపడాల్సిన సంగతని.

6. చుట్టాల బిడ్డను తెచ్చుకుంటే

మనలో శిశు గృహ దత్తత కంటే ఇదే పాతది. పిల్లల్లేని అక్కకు చెల్లెలి మూడో బిడ్డ. ఊరంతటికీ తెలుసు, బిడ్డకు తప్ప. "పిన్ని" అని పిలిచే మనిషే కన్నతల్లి, వరసకు తమ్ముడనుకునేవాడు సొంత తమ్ముడు. ఇక్కడ దాచడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే రహస్యం కాపాడాల్సిన నోళ్లు నలభై. సాధారణంగా అది ఆస్తి పంపకాల దగ్గరో, పెళ్లి పందిట్లో తాగిన మాటల్లోనో బయటపడుతుంది.

ఇందులో చేయాల్సింది రెండు. ఒకటి, చెప్పే ముందు రెండు జంటలూ కూర్చుని ఒకే కథకు రావాలి. పిలుపులు మార్చాల్సిన పని లేదు. అమ్మ అమ్మే, పిన్ని పిన్నే. "పిన్ని నిన్ను కన్నది, నేను నీకు అమ్మను" అని ఆమె ముందే చెప్పగలిగితే అంతకంటే కావలసింది లేదు. కష్టమైన ప్రశ్న ఒకటి వస్తుంది, "తమ్ముణ్ని ఉంచుకుని నన్నే ఎందుకిచ్చింది?" దానికి జవాబు చెప్పాల్సింది మీరు కాదు, ఆ పిన్ని. ముందే ఆమెను సిద్ధం చేయండి.

రెండు, కాగితం. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం బిడ్డను నిజంగా ఇచ్చి పుచ్చుకోవడం జరగాలి. దస్తావేజు రిజిస్టర్ చేయిస్తే రేపు కోర్టులో అది దత్తత సరిగా జరిగిందనడానికి ఆధారం. అదే చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం చెల్లుబాటైన దత్తతను ఎవరూ రద్దు చేయలేరు. "మళ్లీ పంపించేస్తారా" అని అడిగే పిల్లకు ఆ కాగితం చూపించి "చట్టమే వద్దంది" అనొచ్చు. ముద్దుల కంటే స్టాంపు పేపరును ఎక్కువ నమ్మే వయసొకటి ఉంటుంది.

7. ఫైలు

దత్తత ఉత్తర్వు (2022 సెప్టెంబర్ ముందు కోర్టుది, తర్వాత జిల్లా కలెక్టరుది), బిడ్డ గురించి సంస్థ రాసిన నివేదిక, మెడికల్ రిపోర్టు, పాత ఫోటోలు, వచ్చిన రోజు బట్టలు. అన్నీ ఒకేచోట పెట్టి స్కాన్ చేయించండి. దత్తత తర్వాత రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి సంస్థవాళ్లు ఇంటికొస్తారు. టీ ఇచ్చి పంపేయకుండా, బిడ్డ గురించి వాళ్లకు గుర్తున్నవన్నీ అడిగి రాసి పెట్టుకోండి. ఆయాల ఉద్యోగాలు మారిపోతాయి, మళ్లీ దొరకరు.

పద్దెనిమిది నిండాక బిడ్డ తన మూలాలు తెలుసుకోవడానికి తనంతట తనే దరఖాస్తు చేసుకోవచ్చు. అంతకుముందైతే మీతో కలిసి చేయాలి. గ్రెచెన్ రోబెల్ అనే పరిశోధకురాలు ఇంట్లో దత్తత మాటలు మూడు దశల్లో నడుస్తాయంటుంది. మొదట మనం అడక్కుండానే చెబుతాం, తర్వాత పిల్లలు అడుగుతారు, చివరికి తామే వెతుక్కుంటారు. మూడో దశలో మనం డ్రైవర్లం మాత్రమే. వెతుకుతోందంటే మన ప్రేమ చాల్లేదని కాదు, ఈ బెంగ మీకు పట్టుకుంటే పిల్లకు కనపడనివ్వకండి. దత్తపిల్లల ఆత్మగౌరవం మీద 88 అధ్యయనాలు కలిపి చూసిన నెదర్లాండ్స్ పరిశోధకులకు మిగతా పిల్లలతో పోలిస్తే తేడా కనపడలేదు. 2007లో వచ్చిన లెక్క అది. నాకు అప్పుడప్పుడు నిద్రపట్టనప్పుడు గుర్తు చేసుకుంటాను.

8. ఇప్పటికే ఆలస్యమైతే

బిడ్డకు పద్నాలుగేళ్లు, ఇంకా తెలియదు. అయినా మీరే చెప్పాలి, ఇంకొకరు చెప్పకముందే. పదో తరగతికి వచ్చేసరికి బ్లడ్ గ్రూపుల పాఠం వస్తుంది. తల్లిదండ్రులిద్దరిదీ 'O' గ్రూపైతే బిడ్డది 'B' కావడం కుదరదని ఆ పాఠం చదివిన పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పరీక్షల ముందు, పుట్టినరోజున, చుట్టాలున్నప్పుడు వద్దు. వరసగా రెండు మూడు సెలవులున్న రోజు చూసుకోండి. ఇద్దరూ ఉండండి. నాన్నను బయటికి పంపి అమ్మ ఒక్కతే చెప్పడం మన వైపు అలవాటు, అది మానండి. నాలుగు వాక్యాల్లో చెప్పేయండి: "నిన్ను మేము కనలేదు. ఇన్ని నెలల పిల్లగా దత్తత తీసుకున్నాం. ఈ సంగతి నీకు ఎప్పుడో చెప్పాల్సింది. చెప్పకపోవడం మా తప్పు, మాకు ధైర్యం చాల్లేదు." నీ మంచి కోసమే దాచాం అనకండి. ఆ మాట వినగానే పిల్లలకు ఒళ్లు మండుతుంది, న్యాయమే. తర్వాత ఎవరెవరికి తెలుసో పేర్లు చెప్పండి. "అమ్మమ్మకి తెలుసా? పక్కింటి ఆంటీకి కూడా తెలుసా?" అన్నదే తొలి ప్రశ్న అవుతుంది. తనకు తప్ప అందరికీ తెలుసన్నదే అన్నిటికంటే ఎక్కువ నొప్పి.

తలుపు వేసుకుంటుంది. వేసుకోనివ్వండి. అన్నం వేళకు పిలవండి, రాకపోతే కంచం తలుపు దగ్గర పెట్టండి. వారం రోజులు బడి, ట్యూషన్, మార్కుల ఊసు ఎత్తకండి. నెల దాటినా తిండీ నిద్రా కుదుటపడకపోతే కౌన్సెలర్ దగ్గరకు వెళ్లండి, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగితే దారి చూపిస్తారు. ఈలోగా ఒకరోజు ఫైలు తీసి, ఏ కాగితమూ దాచకుండా, తన బల్ల మీద పెట్టి రండి. పక్కన నిలబడి చదివించకండి.